సోనాపూర్ గదికి డీవీడీ ప్లేయర్: షాపులో ఎవరూ చెప్పని తలకిందుల సలహాలు

కొత్త హెచ్‌డీ టీవీ కొన్నవాళ్లంతా దానికి తగ్గ డీవీడీ ప్లేయర్ ఏదని అడుగుతారు. షాపువాళ్లూ ఆ లెక్కనే చూపిస్తారు. టీవీ ఎన్ని అంగుళాలు, ప్లేయర్ అట్టపెట్టె మీద 1080 అని రాసి ఉందా, హెచ్‌డీఎంఐ ఉందా అని. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. టీవీని చూసి ప్లేయర్ కొనొద్దు. మీ దగ్గరున్న డిస్కుల్లో అన్నిటికన్నా పాతది, గీతలు పడ్డది, మళ్లీ ఎక్కడా దొరకనిది ఏదో దాన్ని చూసి కొనండి. టీవీ పాడైతే ఇంకోటి వస్తుంది. చెల్లెలి పెళ్లి డిస్కు పాడైతే మళ్లీ రాదు.

సోనాపూర్‌లో ఈ మాటకు బలం ఎక్కువ. కాగితాల మీద ముహైస్నా రెండు అని రాసే ఈ చోటు దుబాయి అంచున, అల్ ఖుసైస్ పక్కన, షార్జా సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది. ఇక్కడి లేబర్ క్యాంపుల్లో జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్, కామారెడ్డి వైపు నుంచి వచ్చినవాళ్లు ఏళ్ల తరబడి ఉంటున్నారు. ఛుట్టీ దొరికేదాకా ఊళ్లో పెళ్లిళ్లు ఆగవు, గృహప్రవేశాలు ఆగవు, తొట్టెల పండుగలు ఆగవు, పెద్దవాళ్ల దినకర్మలూ ఆగవు. ఫోన్లలో వీడియోలు పంపుకోవడం రాకముందు అవన్నీ ఫోటో స్టూడియోవాళ్లు ఇచ్చిన డిస్కుల్లోకెక్కి, ఛుట్టీ ముగించుకుని తిరిగొచ్చే ఊరివాళ్ల బ్యాగుల్లో ఇక్కడికి చేరాయి. చాలామంది పెట్టెల్లో అవి ఇంకా ఉన్నాయి. నా సలహాలన్నీ వాటి కోసమే.

వీటిలో సగం వినగానే తప్పుడు సలహాలని మీ గదిలోవాళ్లు అంటారు. అందుకే ప్రతిదానికీ కారణం చెబుతున్నాను. కారణం నచ్చకపోతే ఆ సలహా వదిలేయండి.

1. స్మార్ట్ టీవీ ఉన్నా ప్లేయర్ కొనండి

"యూట్యూబ్ ఉంది, ఆహా ఉంది, ఇంకా డిస్కులెందుకు?" అని అడుగుతారు. తెలుగు సినిమాల కోసమే అయితే ఆ ప్రశ్న సరైనదే. 2020లో ఆహా మొదలైనప్పటి నుంచి సినిమా కోసం డిస్కు వెతుక్కునే పని తప్పింది. కానీ మీ ఇంటి పెళ్లి యూట్యూబ్‌లో లేదు. మీ నాయన పందిరి గుంజలు పాతించిన రోజు ఏ యాప్‌లోనూ దొరకదు. గదిలో వైఫై నెమ్మదించినా, డేటా అయిపోయినా డిస్కు ఆగదు. నెలనెలా దానికి కట్టాల్సిందీ ఏమీ లేదు.

ఇంకో కారణం కాలం. శాంసంగ్ 2019లోనే అమెరికా మార్కెట్‌కు కొత్త బ్లూరే ప్లేయర్లు తేవడం మానేసింది. ఇరవై అయిదేళ్లు ఇంటింటికీ డీవీడీలు పోస్టులో పంపిన నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరు 29న ఆఖరి డిస్కు పంపి ఆ పని ముగించింది. ప్లేయర్లు అల్మారాల్లోంచి ఒక్కొక్కటిగా మాయమవుతున్నాయి. ఇంకా తక్కువ ధరకు దొరుకుతుండగానే కొనండి. పాత వస్తువు మీద డబ్బు దండగని ఎవరైనా అంటే, అది చదివే డిస్కులో ఏముందో వాళ్లకు చెప్పండి.

2. షాపుకు డబ్బుకంటే ముందు డిస్కులు పట్టుకెళ్లండి

మూడు డిస్కులు తీసుకెళ్లండి. ఒకటి స్టూడియోవాళ్లు రాసిచ్చిన పెళ్లి డీవీడీ. రెండోది ఎప్పుడో కరీంనగర్‌లో కొన్న ఒగ్గుకథో జానపద పాటల వీసీడీయో. మూడోది కంపెనీ అచ్చువేసి అమ్మిన సినిమా డీవీడీ. దేరా నాయిఫ్‌లోనైనా, బర్ దుబాయిలోనైనా, డ్రాగన్ మార్ట్‌లోనైనా షాపువాడితో ఇలా అనండి: "భాయ్, ఏ డిస్క్ చలాకే దిఖావో. షురూ నహీఁ, ఆఖ్రీ దస్ మినట్." అట్టపెట్టె విప్పడానికి ఒప్పుకోని చోట కొనొద్దు.

ఆఖరి పది నిమిషాలే ఎందుకంటే, ఒక పొర డిస్కులో రాత లోపలి అంచు దగ్గర మొదలై బయటి అంచు వైపు సాగుతుంది. నిండుగా రాసిన డిస్కులో ఆఖరి ఘట్టాలు బయటి అంచున పడతాయి. వేలిముద్రలు పడేది అక్కడే, డిస్కు వంగితే తేడా వచ్చేదీ అక్కడే. పెళ్లి డిస్కులో అప్పగింతలు ఉండేది కూడా అక్కడే. మొదట్లో వినాయకుడి బొమ్మ చక్కగా వచ్చిందని ప్లేయర్ కొని తెచ్చుకుంటే, అప్పగింతల దగ్గర బొమ్మ గడులు గడులుగా విడిపోయి ఆగిపోతుంది.

స్టూడియో డిస్కే అసలు పరీక్ష. కంపెనీ అచ్చు డిస్కులో గుర్తులు ప్లాస్టిక్‌లోనే ఒత్తి ఉంటాయి. స్టూడియో డిస్కులో ఒక రంగు పొరను లేజర్‌తో కాల్చి గుర్తులు పెడతారు. అవి అంత స్పష్టంగా ఉండవు, ఏళ్లు గడిచేకొద్దీ మసకబారతాయి. లేజర్ బలహీనంగా ఉన్న ప్లేయర్ మొదట తిప్పికొట్టేది ఈ డిస్కులనే. ఇవి నడిచిన ప్లేయర్‌లో మిగతావి సాధారణంగా నడుస్తాయి. సినిమా డిస్కు నడిచిందని మాత్రం పెళ్లి డిస్కు నడుస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

3. మంచిదైనా సరే, బ్లూరే వద్దు

బ్లూరే ప్లేయర్ డీవీడీలు కూడా చదువుతుంది, బొమ్మ ఇంకా బాగుంటుంది, కాస్త ఎక్కువ పెడితే వస్తుంది అంటారు. అన్నీ నిజాలే. అయినా నేను వద్దంటాను. బ్లూరే గొప్పతనమంతా బ్లూరే డిస్కులో ఉంది. మీ పెట్టెలో అలాంటి డిస్కు ఎన్ని ఉన్నాయి? లేని డిస్కుల కోసం నీలి లేజర్ కొని ఖాళీగా కూర్చోబెట్టడమెందుకు? కొన్ని బ్లూరే ప్లేయర్లు వీసీడీని అసలు చదవవు. అంటే మీ ఒగ్గుకథ బయటే ఉండిపోతుంది.

ప్రాంతాల గొడవ ఇంకోటి. డీవీడీ లెక్కలో యూఏఈ రెండో ప్రాంతం, భారతదేశం అయిదో ప్రాంతం. బ్లూరే లెక్కలో యూఏఈ బి, మనది సి. దుబాయిలో కొన్న బ్లూరే ప్లేయర్ మన దేశానికని అచ్చువేసిన బ్లూరేను నిరాకరించవచ్చు. డీవీడీ ప్లేయర్లలో అన్ని ప్రాంతాలవీ చదివేవి సులువుగా దొరుకుతాయి. పెట్టె మీద "మల్టీ రీజియన్" అని ఉన్నది అడగండి. ఇంట్లో తీసిన డిస్కులకు, స్టూడియో డిస్కులకు ప్రాంతం అనేదే ఉండదు. ఈ బాధ సినిమా డిస్కులకే.

పాల్, ఎన్‌టీఎస్‌సీ రెండూ చదివేదై ఉండాలని కూడా అడగండి. మన స్టూడియోలు పాల్‌లో ఇస్తాయి. అమెరికా తెలుగువాళ్ల కోసం వేసిన సినిమా డీవీడీలు ఎన్‌టీఎస్‌సీలో ఉంటాయి. సెట్టింగుల్లో "ఆటో" గానీ "మల్టీ" గానీ పెట్టి వదిలేయండి.

4. 1080 అంకెకు పైసా ఎక్కువ ఇవ్వొద్దు

పాల్ డీవీడీ బొమ్మలో అడ్డంగా 720 చుక్కలు, నిలువుగా 576 గీతలు ఉంటాయి. హెచ్చవేస్తే 4,14,720 చుక్కలు. ఫుల్ హెచ్‌డీ టీవీలో 1920 అడ్డం, 1080 నిలువు, అంటే 20,73,600 చుక్కలు. సరిగ్గా అయిదు రెట్లు. డీవీడీని ఆ తెర నిండా చూస్తున్నప్పుడు అయిదు చుక్కల్లో నాలుగు మిషన్ ఊహించి వేసినవే. ప్లేయర్ మీద "1080 అప్‌స్కేలింగ్" అని రాసి ఉన్నదానికి అర్థం ఈ ఊహించే పని ప్లేయర్ చేస్తుందని. చేయకపోతే ఆ పని టీవీ ఎలాగూ చేస్తుంది. డిస్కులో లేని ముఖకవళికను ఏ మిషనూ తీసుకురాలేదు.

గదుల్లో ఎక్కువగా కనబడే 32 అంగుళాల "హెచ్‌డీ రెడీ" టీవీల్లో చుక్కలు మామూలుగా 1366 అడ్డం, 768 నిలువు. దానికి ప్లేయర్ నుంచి 1080 పంపితే, ప్లేయర్ 576ను 1080కి పెంచుతుంది, టీవీ దాన్ని 768కి కుదిస్తుంది. ఒక పనికి రెండుసార్లు చెడగొట్టడం. ప్లేయర్ సెట్టింగుల్లో 576పీ పెట్టి ఒకసారి, 720పీ పెట్టి ఒకసారి పెళ్లి డిస్కులో మనుషుల ముఖాలు చూడండి. ఏది బాగుంటే అదే ఉంచండి. పెద్ద అంకె పెట్టనందుకు గదిలో ఎవరు నవ్వినా పట్టించుకోవద్దు.

ఒక మాట వీసీడీ గురించి. అందులో 352 అడ్డం, 288 నిలువు చుక్కలే. పెద్ద తెర మీద మసకగానే ఉంటుంది. అది ప్లేయర్ తప్పు కాదు, టీవీ తప్పూ కాదు. మంచాల మీద వెనక్కి జరిగి చూడండి.

5. పసుపు, ఎరుపు, తెలుపు రంధ్రాలు లేని ప్లేయర్ ముట్టుకోవద్దు

టీవీకి కలపడానికి హెచ్‌డీఎంఐ వాడండి. 2002 డిసెంబరులో వచ్చిన ఈ తీగ ఒక్కటే బొమ్మనూ శబ్దాన్నీ అంకెల రూపంలోనే తీసుకెళ్తుంది. దాన్ని మించింది లేదు. అయినా వెనకవైపు పాత మూడు రంగుల రంధ్రాలు ఉన్న ప్లేయరే కొనండి. కొత్త సన్నటి మోడళ్లలో ఒక్క హెచ్‌డీఎంఐ ఉంచి మిగతావి తీసేస్తున్నారు.

ఎరుపు, తెలుపు రంధ్రాల నుంచి చిన్న స్పీకర్‌కు నేరుగా శబ్దం తీసుకోవచ్చు. సన్నటి టీవీల వెనకవైపు స్పీకర్లలో డప్పు దరువు, డోలు మోత వినబడవు. పసుపు రంధ్రం రేపు ఇంటికెళ్లాక పనికొస్తుంది. ఊళ్లో అమ్మ గదిలో ఉన్న పాత పెద్ద టీవీకి హెచ్‌డీఎంఐ ఉండదు. ప్లేయర్‌ను ఈ గది కోసం మాత్రమే కొనడం లేదని గుర్తుంచుకోండి.

6. తెర నిండకపోయినా పర్వాలేదు, ముఖం సాగకూడదు

ఆ రోజుల్లో పెళ్లి వీడియోలు ఎక్కువగా పాత టీవీ ఆకారంలో, అంటే నాలుగుకు మూడు కొలతలో తీశారు. కొత్త టీవీ పదహారుకు తొమ్మిది. దాన్ని తెర నిండా సాగదీస్తే మనుషులందరూ మూడో వంతు లావెక్కుతారు. టీవీ రిమోట్‌లో కొలత 4:3 పెట్టండి. ప్లేయర్‌లో టీవీ ఆకారం 16:9 అని పెట్టండి. తెరకు రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తాయి.

గదిలో గోల మొదలవుతుంది. "ఇంత పెద్ద టీవీ కొని సగం నల్లగా పెట్టుకున్నడు" అంటారు. తగ్గొద్దు. "తమ్మీ, మా అవ్వ ముఖం అట్ల ఉండదు" అని చెప్పండి. ఏళ్లుగా చూడని మనిషి ముఖం ఉన్నది ఉన్నట్టు కనబడుతుంటే ఆ నల్ల పట్టీలు పెద్ద లోపం కాదు. "జూమ్" పెట్టి పట్టీలు పోగొడదామని ఎవరైనా అంటే అదీ ఒప్పుకోవద్దు. జూమ్ పెడితే పైనా కిందా కోతపడి, పెళ్లికూతురి పాపిట బిళ్లా కింద రాసిన పేర్లూ పోతాయి.

7. కొత్త టీవీ చూపించే మెరుగులన్నీ ఆపేయండి

షాపులో అన్ని టీవీల మధ్య కొట్టొచ్చినట్టు కనబడాలని కంపెనీలు "వివిడ్" లాంటి మోడ్ పెట్టి పంపుతాయి. పాత డిస్కుకు అది శత్రువు. మోడ్ "సినిమా" గానీ "స్టాండర్డ్" గానీ చేయండి. "షార్ప్‌నెస్" బాగా తగ్గించండి. డిస్కులో లేని వివరాన్ని అది తేదు, ఉన్న మరకల చుట్టూ తెల్లటి గీత గీస్తుంది. కదలికను నున్నగా చేసే సెట్టింగ్ ఏ పేరుతో ఉన్నా ఆపేయండి. "నాయిస్ రిడక్షన్" ఒక మెట్టు మాత్రం ఉంచండి. స్టూడియో లైట్లు చాలని రాత్రి ఘట్టాల్లో అది ఉపయోగపడుతుంది.

పై మంచం మీద పడుకున్నవాడికి బొమ్మ ఎలా కనబడుతోందో అడగండి. కొన్ని తెరలు పైనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. టీవీ గోడకు బిగించేటప్పుడు రెండు మంచాల వరుసలకూ సరిపడే ఎత్తులో, కాస్త వాల్చి బిగించండి. అద్దె గది కాదు, కంపెనీ గది కాబట్టి గోడకు మేకు కొట్టే ముందు క్యాంపు బాస్‌ను అడగండి.

8. బొమ్మ కంటే ముందు చప్పుడు చూడండి

యూఏఈ ప్రమాణాల ప్రకారం లేబర్ గదిలో మనిషికి కనీసం మూడు చదరపు మీటర్ల చోటు ఉండాలి. ఎనిమిది మంది గది అంటే ఇరవై నాలుగు చదరపు మీటర్లు. అందులో ఒకరి టీవీ అంటే అందరి చెవులూ. సెలవులు కూడా అందరికీ ఒక్కరోజు రావు. 2022 జనవరి 1 నుంచి సర్కారు ఆఫీసుల వారాంతం శని, ఆదివారాలకు మారింది. కంపెనీల్లో మాత్రం ఒకరికి శుక్రవారం, ఇంకొకరికి ఆదివారం. మీకు సెలవైన రోజు పక్క మంచం మీద రాత్రి డ్యూటీ చేసొచ్చినవాడు నిద్రపోతుంటాడు.

అందుకే ప్లేయర్ సెట్టింగుల్లో "డీఆర్‌సీ" గానీ "నైట్ మోడ్" గానీ ఉందేమో చూసి కొనండి. అది పెద్ద మోతలను తగ్గించి మెల్లటి మాటలను పైకి తెస్తుంది. తక్కువ వాల్యూమ్‌లోనే మాటలు వినబడతాయి. శబ్దం అవుట్‌పుట్‌ను "స్టీరియో"కు మార్చండి. సినిమా డిస్కుల్లో శబ్దం ఆరు స్పీకర్లకు విడగొట్టి ఉంటుంది. మాటలు మధ్య స్పీకర్‌కు వెళ్తాయి. సెట్టింగ్ తప్పుగా ఉంటే పాటలు గది దద్దరిల్లేలా, మాటలు గుసగుసలా వస్తాయి. హెడ్‌ఫోన్ తీగకు టీవీలోనో ప్లేయర్‌లోనో రంధ్రం ఉండటం తప్పనిసరి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ మీద ఆధారపడితే పెదవులు ఒకప్పుడు, మాట ఒకప్పుడు అయ్యే ప్రమాదం ఉంది.

9. రిమోట్ అందం చూడొద్దు, ముందున్న బటన్లు లెక్కపెట్టండి

ఎనిమిది మంది గదిలో రిమోట్ పోతుంది. దిండు కిందికి పోతుంది, మంచం సందులో పడుతుంది, బ్యాటరీలు గడియారంలోకి వెళ్తాయి. చవక ప్లేయర్ల ముందు వైపు తెరిచే బటన్, ప్లే బటన్ తప్ప ఏమీ ఉండవు. ముందుకు, వెనక్కు, ఆపు అనే బటన్లు కూడా ఉన్నది కొనండి. అలాంటిది పాతదైనా, కాస్త బరువైనా అదే మేలు.

దీనికంటే ముఖ్యమైనది ఆపిన చోటు గుర్తుపెట్టుకోవడం. తెల్లారకముందే సైటు బస్సు ఎక్కాల్సినవాడు రెండున్నర గంటల సినిమా ఒక్క రాత్రిలో చూడలేడు. కరెంటు తీసి పెట్టినా ఆపిన చోటి నుంచే మొదలుపెట్టే ప్లేయర్లు ఉన్నాయి. షాపులో డిస్కు మధ్యలో ఆపి, ప్లగ్ పీకి, మళ్లీ పెట్టించి చూడండి. బొమ్మ నాణ్యత గురించి పది మాటలు చెప్పే అమ్మకందారులు ఈ ఒక్కటి చెప్పరు.

10. పెన్‌డ్రైవ్ రంధ్రాన్ని నమ్ముకోవద్దు

ఇప్పటి ప్లేయర్లకు చాలావాటికి యూఎస్‌బీ ఉంటుంది. ఉంటే మంచిదే. కానీ ఫోన్‌లో తీసిన వీడియో పెన్‌డ్రైవ్‌లో పెడితే చాలా డీవీడీ ప్లేయర్లు చదవలేవు. అవి ఎక్కువగా పాత ఏవీఐ, ఎంపెగ్ రకాలే చదువుతాయి. ఫోన్లు తీసే ఎంపీ4 వేరే పద్ధతిది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉండాలని కూడా ఎక్కువ ప్లేయర్లు కోరతాయి. అందులో ఒక్క ఫైలు నాలుగు జీబీ దాటకూడదు. ఫోన్ వీడియోలకు టీవీకే ఉన్న యూఎస్‌బీ రంధ్రం వాడండి. ప్లేయర్‌ను డిస్కులకే ఉంచండి.

11. టీవీ అందరూ కలిసి కొనండి, ప్లేయర్ మాత్రం ఒక్కరే

గదిలో తలా కొన్ని దిర్హమ్‌లు వేసుకుని టీవీ కొనడం మంచి అలవాటు. ప్లేయర్‌కు మాత్రం అది వద్దు. కంపెనీ ఒకరిని అబుదాబి సైటుకు పంపుతుంది, ఇంకొకరు ఛుట్టీకి వెళ్లి తిరిగి రారు. వాటాలు తేలవు. టీవీ అయితే ఎవరు వెళ్లినా గదిలోనే ఉండిపోతుంది. ప్లేయర్ డిస్కులతో కలిసి నడవాలి. ఎవరి దగ్గర కాపాడాల్సిన డిస్కులు ఎక్కువున్నాయో వాళ్లే కొని, బిల్లు తమ పేరున ఉంచుకుని, గదిలో అందరికీ వాడుకోనివ్వండి. ఖర్చు ఒకరిదే కాబట్టి అందరూ దయగా చూస్తారు.

కొత్తది బిల్లుతో కొంటే ఇంకో మేలుంది. 2018 జనవరి నుంచి ఇక్కడ కొనే వస్తువు మీద 5 శాతం వ్యాట్ ఉంది. బిల్లులో అది రాసి ఉంటే వారంటీ అడగడానికి ఆధారం ఉంటుంది. వారంటీ ఎన్ని నెలలన్నది కాదు, పాడైతే పట్టుకెళ్లాల్సిన చోటు మీరు సెలవు రోజు బస్సులో వెళ్లి రాగలిగేంత దగ్గరున్నదా అని చూడండి.

12. ఎండ తగలనివ్వొద్దు, గుండ్రంగా తుడవొద్దు

జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నియమం ఉంది. అదే ఎండ కిటికీ గట్టు మీద పెట్టిన డిస్కును కూడా చెడగొడుతుంది. స్టూడియో డిస్కులోని రంగు పొర వెలుతురుకు, వేడికి పాడవుతుంది. డిస్కులు చీకటిగా, చల్లగా ఉండే చోట, నిలువుగా, డబ్బాల్లో పెట్టండి. ప్లేయర్‌ను నేల మీద పెట్టొద్దు. ఇక్కడి సన్నటి ఇసుక దుమ్ము లోపలి కటకం మీద చేరితే మంచి డిస్కులు కూడా ఆగిపోతాయి. పైన బట్ట కప్పండి, నడిచేటప్పుడు మాత్రం తీసేయండి.

డిస్కు తుడిచేటప్పుడు చాలామంది గుండ్రంగా రుద్దుతారు. అలా చేయొద్దు. మెత్తటి నూలు బట్టతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి. డిస్కులో రాత సుడిలాగా ఉంటుంది. అడ్డంగా పడ్డ గీత ఒక్కో చుట్టులో కొంచెమే తెంపుతుంది, ప్లేయర్ ఆ లోటును లెక్కగట్టి పూడుస్తుంది. గుండ్రంగా పడ్డ గీత ఒకే చుట్టును పొడవునా తినేస్తుంది, దాన్ని పూడ్చడం చేతకాదు.

13. "హెచ్‌డీ చేసిస్తాం" అంటే వద్దనండి, కాపీ మాత్రం వెంటనే చేయించండి

ఊళ్లో కొన్ని స్టూడియోలు పాత పెళ్లి డిస్కును హెచ్‌డీ చేసిస్తామంటాయి. ఆ డబ్బుతో రెండు కాపీలు చేయించుకోండి. 576 గీతల బొమ్మను సాగదీసి మళ్లీ కుదించి రాస్తే ఇంకాస్త చెడుతుంది తప్ప బాగుపడదు. డిస్కులోని ఫోల్డర్‌ను మార్పు లేకుండా ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లోకి, అక్కడి నుంచి ఒక హార్డ్ డిస్కులోకి, వీలైతే కొత్త డీవీడీలోకి ఎక్కించండి. ఒక కాపీ ఇక్కడ, ఒక కాపీ ఊళ్లో. కొత్త డిస్కు రాయించేటప్పుడు "ఫైనలైజ్" చేశారా అని అడగండి. చేయకపోతే అది రాసిన మిషన్‌లో తప్ప వేరేచోట నడవకపోవచ్చు.

కాపీ అంటే మీ సొంత డిస్కుల మాటే. సినిమా డిస్కులు కాపీ చేయొద్దు, రోడ్డు పక్కన కవర్లలో అమ్మే నకిలీ డిస్కులు కొనొద్దు. 2021లో వచ్చిన కాపీరైట్ చట్టం కింద నకిలీల వ్యాపారానికి ఇక్కడ జైలు, జరిమానా ఉన్నాయి. నాలుగు దిర్హమ్‌ల డిస్కు కోసం అప్పు చేసి తెచ్చుకున్న వీసాను ప్రమాదంలో పెట్టుకోవద్దు.

14. ఇంటికి వెళ్లేరోజు టీవీ వదిలేయండి, ప్లేయర్ పట్టుకెళ్లండి

అందరూ దీనికి ఎదురుగా చేస్తారు. టీవీ దుప్పట్లలో చుట్టి విమానం ఎక్కిస్తారు. 2013 ఆగస్టులో భారత ప్రభుత్వం ఫ్లాట్ టీవీలకు బ్యాగేజీ మినహాయింపు తీసేసి సుంకం పెట్టింది. వెళ్లేముందు ఇప్పటి నియమం కనుక్కోండి. సుంకం సంగతి ఎలా ఉన్నా, టీవీ గదిలో కొత్తగా వచ్చిన కుర్రాడికి పనికొస్తుంది. ఊళ్లో టీవీ దొరుకుతుంది. మీ డిస్కును ఆఖరి నిమిషం దాకా చదివిన ప్లేయర్ మాత్రం దొరకడం రోజురోజుకూ కష్టమవుతోంది. రెండు దేశాల్లోనూ కరెంటు 50 హెర్ట్జే, వోల్టేజీ కూడా సరిపోతుంది. మారేది ప్లగ్ ఒక్కటే. ఇక్కడి చదరపు మూడు కాళ్ల ప్లగ్ తీసి, అక్కడి గుండ్రటి కాళ్లది బిగిస్తే చాలు.

ఇవన్నీ చేయడానికి సెలవు రోజు దాకా ఆగాలేమో. ఒక్క పని మాత్రం ఈ రాత్రే చేయండి. ఇంటికి ఫోన్ చేసి బీరువా పైన, సజ్జ మీద, పాత బ్యాగుల్లో ఉన్న డిస్కులు ఏవీ పారేయొద్దని చెప్పండి. ప్లేయర్ లేదని, నడవవని, ఇల్లు సర్దుతూ పిల్లలు వాటిని చెత్తలో వేసేస్తున్నారు. ఏ డిస్కులో ఎవరి పెళ్లి ఉందో, ఏ సంవత్సరందో కవరు మీద పెన్నుతో రాయించండి. డిస్కు మీద రాయొద్దని మాత్రం చెప్పండి.